డయల్ మీద మీ పేరే వేయండి

ప్రశ్న: సార్, నాది గాజువాక. వయసు 33. ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పని చేస్తాను. మా నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. ఆయన హెచ్‌ఎంటీ పైలట్ వాచీతోనే నాకు ఈ పిచ్చి మొదలైంది. ఇప్పుడు 1960ల నాటి రోలెక్స్ డేటోనా అనే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) మీద మనసు పడింది. అసలుది కొనే తాహతు లేదు. కేసు, డయల్, ముళ్ళు విడివిడిగా తెప్పించుకుని, లోపల మంచి మెషీన్ పెట్టి, తేడా తెలియకుండా ఒకటి నేనే తయారుచేసుకుందామని ఉంది. నేవీలో పనిచేసిన మా మేనమామ "దొంగ వాచీ చెయ్యడానికా ఇంత అవస్థ?" అంటున్నారు. హైదరాబాద్‌లో ఒకాయన మాత్రం పేరుతో సహా చేసిస్తే ఒక్కొక్కటి 45 వేలకు తీసుకుంటానంటున్నాడు. ఇంకో సంగతి. వన్‌టౌన్‌లో ఒక పాత వాచీల షాపులో రెండు బటన్ల స్విస్ క్రోనోగ్రాఫ్ కనబడింది. పేరు ఎప్పుడూ విననిది, డయల్ కొత్తదానిలా ఉంది. పై బటన్ నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు కదులుతుంది కానీ, మళ్ళీ అదే నొక్కితే ఆగడం లేదు. కింద బటన్ నొక్కితే ఆగుతోంది, ఇంకోసారి నొక్కితే 12 దగ్గరికి వచ్చేస్తోంది. "బటన్ పోయింది, అందుకే 14 వేలకే ఇస్తున్నా" అన్నాడు షాపాయన. కొనవచ్చా? నా డేటోనాకి ఏ మెషీన్ పెట్టాలి? డయల్ మీద ఆ పేరు వేస్తే తప్పా?

జవాబు: ముందు వన్‌టౌన్ వాచీ సంగతి చూద్దాం. మిగతావి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. దీన్ని మాత్రం ఈలోపు ఎవరో ఒకరు బాగుచేస్తామని తెరిచి పాడుచేసే ప్రమాదం ఉంది.

మీరు రాసినదాన్ని బట్టి ఆ వాచీకి ఏ రోగమూ లేదు. పై బటన్ స్టార్ట్ మాత్రమే చెయ్యడం, కింద బటన్ మొదటి నొక్కుకి ఆపి, రెండో నొక్కుకి ముల్లును సున్నాకి తేవడం లాండెరాన్ 48 తరహా మెషీన్ల నడక. అవి పుట్టిందే అలా. స్విట్జర్లాండ్‌లోని లాండెరాన్ కంపెనీ 1937లో దాన్ని తెచ్చింది. అంతకుముందు పేరున్న క్రోనోగ్రాఫులు కాలమ్ వీల్‌తో నడిచేవి. చుట్టూ చిన్న చిన్న స్తంభాలు నిలబెట్టినట్టుండే ఆ చక్రం, బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక్క అడుగు తిరిగి ఏ లీవర్ లేవాలో ఏది దిగాలో తేలుస్తుంది. దాన్ని చెక్కడం చాలా ఖర్చుతో కూడిన పని. లాండెరాన్ వాళ్ళు దాని బదులు పలక నుంచి కొట్టి తీసిన క్యామ్‌లతో (గుండ్రం తప్పిన లోహపు ముక్కలతో) అదే పని చేయించారు. దాంతో ధర దిగింది, క్రోనోగ్రాఫ్ మామూలు ఉద్యోగస్తుల చేతికి వచ్చింది. ఈ మెషీన్లు లక్షల్లో తయారయ్యాయి. ఇప్పుడు ఎవరికీ పేరు గుర్తులేని ఎన్నో చిన్న కంపెనీలు వీటిని తమ డయల్ కింద పెట్టి అమ్ముకున్నాయి. మీరు పేరు విననిది అందుకే.

షాపాయన మిమ్మల్ని మోసం చేస్తున్నాడని అనుకోను. ఆయన ఎక్కువగా చూసినవి పై బటన్‌తోనే ఆగి సాగే రకాలు అయుంటాయి. ఆ కొలతతో చూస్తే ఇది పాడైనట్టే కనిపిస్తుంది. కానీ ఆ మాట నమ్మి ఎవరైనా లోపలి లీవరు వంచినా, స్ప్రింగు సాగదీసినా అప్పుడు నిజంగానే పోతుంది. కాబట్టి త్వరగా వెళ్ళండి, వెనక మూత తీయించి చూడండి. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం కిందో దాని పక్కనో ప్లేటు మీద మెషీన్ నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసుకోండి. స్క్రూల తలల చుట్టూ, సన్నని ఉక్కు స్ప్రింగుల మీద గోధుమరంగు మరకలు ఉన్నాయేమో చూడండి. మన ఊళ్ళో సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పుపడతాయి, కేసు సరిగ్గా బిగియని వాచీ ఎంత? పైపై మరకైతే శుభ్రం చెయ్యొచ్చు. స్ప్రింగు తినేసినంత తుప్పుంటే మాత్రం వదిలెయ్యండి, దానికి సరిపడే విడిభాగం దొరకడం మీరనుకున్నంత తేలిక కాదు.

డయల్ కొత్తగా ఉందన్నారు. అరవై, డెబ్భై ఏళ్ళ వాచీ డయల్ కొత్తగా మెరిస్తే నాకైతే అనుమానమే వస్తుంది. పదింతలు పెద్దదిగా చూపించే ఐ గ్లాసు పెట్టి చూడండి. డయల్ లోపలి చిన్న డయళ్ళలో గీతలన్నీ ఒకే మందంలో ఉన్నాయా, అక్షరాల అంచులు ఉబ్బినట్టు ఉన్నాయా, 6 దగ్గర గ్లాసు అంచున ఉండాల్సిన 'స్విస్' మాట సగం తెగిపోయిందా, అసలే లేదా అని చూడండి. ఇవి కనబడితే అది మళ్ళీ పెయింట్ వేసిన డయల్. ఇలాంటి వాచీలు మన దేశం నుంచి చాలా బయటికి వెళ్ళాయి, విదేశీ సేకర్తలు వాటిని 'బాంబే స్పెషల్' అని పక్కన పెట్టేస్తారు. ఆ ముద్ర నాకు బాధగా ఉంటుంది. మన ఉక్కపోతకి డయళ్ళు మచ్చలు పడేవి, ఇంటి పెద్దాయన వాచీ పట్టుకొచ్చి "కొత్తదానిలా చెయ్యి నాయనా" అని అడిగేవారు, షాపుల్లో చేసిచ్చేవారు. మోసం తర్వాత వచ్చింది, ఆ పని తెలిసినవాళ్ళు లేని పేర్లు కూడా రాయడం మొదలుపెట్టాక. మీరు చూసినదానికి పెయింట్ వేసి ఉంటే ఆ సంగతి చెప్పి బేరం ఆడండి. మెషీన్ శుభ్రంగా ఉంటే 14 వేలకి కూడా నేను వద్దనను. కొంటే అదే మీ మొదటి అసలైన స్విస్ క్రోనోగ్రాఫ్ అవుతుంది.

ఇక డేటోనా. తయారుచేయండి, చాలా సంతోషంగా తయారుచేయండి. రోలెక్స్ పేరూ ఆ కిరీటం గుర్తూ మాత్రం దాని మీద ఎక్కడా ఉండకూడదు. డయల్ మీదే కాదు, కీ మీద, వెనక మూత మీద, చైన్ కొక్కెం మీద కూడా.

మీ మేనమామగారి మాట సగమే ఒప్పుకుంటాను. ఒక పాత వాచీ కొలతలు తీసుకుని, దాని అందం ఎక్కడుందో పట్టుకుని, సొంత చేతులతో మళ్ళీ కట్టడంలో దొంగతనం లేదు. షిప్‌యార్డులో ఓడ నమూనా చేసినవాడిని ఎవరూ దొంగ అనరు. పనివాడు ఎప్పుడూ అలాగే నేర్చుకున్నాడు. కానీ అమ్ముకునే ఆలోచనతో వేరేవాళ్ళ పేరు రాశారా, అప్పుడు ఆయన మాట మొత్తం నిజమవుతుంది. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 103వ సెక్షన్ కింద తప్పుడు ట్రేడ్‌మార్కు వేసినవాళ్ళకి 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల దాకా జరిమానా ఉంది. మోసం చేసే ఉద్దేశం లేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత కూడా చేసినవాడి మీదే ఉంటుంది. అమ్మేవాళ్ళకి 104వ సెక్షన్ వేరే ఉంది. హైదరాబాద్ ఆయన అడుగుతున్నది మీ పనితనాన్ని కాదు, ఆ పేరుని. ఆయన 45 వేలకి కొన్నది ఇంకొకరికి ఎంతకి, ఏమని చెప్పి అమ్ముతాడో మీకు తెలియదు. పట్టుబడినప్పుడు చేసింది ఎవరంటే వేలు మీ వైపే చూపిస్తాడు. ఈ రోజే ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్యండి. పేరు అచ్చువేసిన డయల్ బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ దగ్గరే పార్సిల్ ఆగిపోవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి.

"నేను అమ్మను సార్, నా చేతికే పెట్టుకుంటాను" అంటారేమో. అదీ ఆలోచించాను. వాచీ మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. మీ నాన్నగారి పైలట్ మీ దగ్గరికి వచ్చినట్టే ఇదీ మీ పిల్లల దగ్గరికి వెళ్తుంది. అప్పుడు దాని కథ చెప్పడానికి మీరు పక్కన ఉండకపోవచ్చు. ఏ అవసరానికో మీ అమ్మాయి దాన్ని షాపుకి తీసుకెళ్ళి, నాన్న రోలెక్స్ అని కౌంటరు మీద పెడుతుంది. అక్కడ వాళ్ళు మూత తీసి చూసి ఆ పిల్ల ముఖంలోకి ఒక చూపు చూస్తారు. ఆ చూపు ఆమెకెందుకు?

డేటోనా చరిత్ర చూసినా ఇదే తెలుస్తుంది. అమెరికాలో ఫ్లోరిడాలోని కార్ రేసుల ట్రాక్ పేరే ఆ వాచీకి వచ్చింది. మొదటి మోడల్ 6239, 1963లో వచ్చింది. రోజూ చేత్తో కీ ఇవ్వాల్సిన ఆ వాచీ మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. అందులోనూ డయళ్ళు చేసే సింగర్ కంపెనీ వాళ్ళ రంగుల డయల్ ఉన్నవాటిని కొనేవాళ్ళు ఇంకా తక్కువ. చిన్న డయళ్ళలో గీతల చివర చిన్న చిన్న చదరాలు, అంచున వేరే రంగు పట్టీ, సెకన్ల డయల్లో 15, 30, 45, 60 అంకెలు ఉంటాయి. మీరు మనసుపడింది దాని మీదే అనుకుంటాను. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కి ఆయన భార్య జోన్ వుడ్‌వర్డ్ అలాంటిది కొనిచ్చింది. వెనక మూత మీద జాగ్రత్తగా నడపమని చెక్కించింది. ఆయన దాన్ని రోజూ పెట్టుకుని తిరిగి, 1984లో కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. అదే వాచీ 2017 అక్టోబర్‌లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ ధర ఉక్కుకి కాదు. ఎవరు కొన్నారు, ఎవరి చేతికి ఉంది, ఎవరికి వెళ్ళింది అన్న వరుస తెగకుండా ఉన్నందుకు. ఆ ధరలు చూసి మామూలు డేటోనాలకి దొంగ రంగుల డయళ్ళు బిగించడం మొదలైంది. దాంతో ఇప్పుడు నిజమైన డయల్ ఉన్నవాళ్ళు కూడా అది నిజమని నిరూపించుకోవాల్సి వస్తోంది. పేరు వేసిన ప్రతి నకలూ ఆ వరుసలో ఒక అబద్ధపు సాక్ష్యం. మీకు పాత వాచీల మీద ఇంత ప్రేమ ఉంది కాబట్టే ఇది మీకు గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట మీకు నచ్చుతుంది. ఆ పాత డేటోనా లోపల కొట్టుకున్న మెషీన్ రోలెక్స్ సొంతంగా పుట్టించింది కాదు. వాల్‌జూ కంపెనీ వాళ్ళ 72 నంబరు మెషీన్. 1930ల చివర్లో వచ్చింది, కాలమ్ వీల్ రకం, 3, 6, 9 దగ్గర మూడు చిన్న డయళ్ళు. రోలెక్స్ వాళ్ళు దాన్ని తీసుకుని మెరుగులు దిద్ది వాడుకున్నారు. అదే 72 నంబరు హోయర్ కంపెనీ వాళ్ళ 1963 నాటి కరెరాలో ఉంది, ఎనికార్ షెర్పా గ్రాఫ్‌లో ఉంది, గాలెట్‌లో, వాక్‌మన్‌లో ఉంది. 1988లో డేటోనా ఆటోమేటిక్ అయినప్పుడు కూడా జెనిత్ వాళ్ళ ఎల్ ప్రిమెరో మెషీన్‌నే మార్చి పెట్టుకున్నారు. రోలెక్స్ సొంత క్రోనోగ్రాఫ్ మెషీన్ 2000లో గానీ రాలేదు. అంటే మీరు ప్రేమిస్తున్న ఆ గుండెచప్పుడు ఒక్క పేరుకి చెందింది కాదు. అదే మెషీన్‌తో వేరే పేర్ల వాచీలు ఉన్నాయి, డబ్బు సమకూరాక సేకరణ మొదలుపెట్టేటప్పుడు అటువైపు చూడండి. నేనైతే ఎవరికైనా మెషీన్ చూసి వాచీ కొనమంటాను, పేరు చూసి కాదు.

మీ తయారీకి ఏ మెషీన్ అంటే, 72 నంబరు మాత్రం వద్దు. విడి మెషీన్ ఒక్కటే లక్ష దాటుతుంది. పైగా అలా విడిగా అమ్మేవాటిలో చాలా వరకు ఏదో ఒక మంచి పాత వాచీ పొట్ట కోసి తీసినవే. నకలు కోసం అసలుని చంపడం నాకు ఇష్టం లేదు. వాల్‌జూ 7736 ఇంకో దారి. వీనస్ కంపెనీ 1966లో వాల్‌జూలో కలిసిపోయాక వాళ్ళ 188 మెషీన్ నుంచి పెరిగిన కుటుంబం అది. క్యామ్‌తో పనిచేస్తుంది, చిన్న డయళ్ళు 3, 6, 9 దగ్గరే ఉంటాయి. మంచిదే, కానీ అదీ పాతదే, సర్వీసింగ్ వచ్చినవాళ్ళకే. 7750 అంటారు చాలామంది. 1970ల నాటి గట్టి ఆటోమేటిక్, ఇప్పటికీ తయారవుతోంది. కానీ మందం 7.9 మిల్లీమీటర్లు, చిన్న డయళ్ళు 6, 9, 12 దగ్గర. దాన్ని 3, 6, 9కి మార్చాలంటే మధ్యలో అదనపు పళ్ళచక్రాలు ఇరికించాలి. అంత పని చేశాక కూడా పాత డేటోనా సన్నదనం రాదు, దొడ్డుగా కనబడుతుంది.

మీకు సరైంది చైనా సీగల్ వాళ్ళ ఎస్‌టీ19. చైనా అనగానే ముఖం చిట్లించుకోకండి. 1961లో తమ వాయుసేనకి క్రోనోగ్రాఫ్ కావాలని చైనా ప్రభుత్వం తియాన్‌జిన్ ఫ్యాక్టరీకి (ఇప్పటి సీగల్‌కి) పని అప్పగించింది. స్విట్జర్లాండ్‌లోని వీనస్ కంపెనీ 175 నంబరు మెషీన్ తయారీ సామగ్రి అక్కడికి చేరింది. దాని నుంచే ఇప్పటి ఎస్‌టీ19 పెరిగింది. అంటే అది 1940ల నాటి స్విస్ కాలమ్ వీల్ మెషీన్‌కి నేరుగా వారసుడు. గంటకి 21,600 కొట్టుళ్ళు, చేత్తో కీ ఇచ్చేదే. మూడు చిన్న డయళ్ళ రకం కూడా ఉంది. ధర 72తో పోలిస్తే చాలా తక్కువ. పాడైతే ఇంకోటి తెప్పించుకోవచ్చు, నేర్చుకునేవాడికి అంతకంటే ధైర్యం ఏముంది? ఒక్క జాగ్రత్త. అడ్డం సుమారు 31 మిల్లీమీటర్లు, 72 నంబరు కంటే పెద్దది. చిన్న డయళ్ళ మధ్య దూరం కూడా 72తో కలవదు. 72 కోసం చేసిన డయల్ తెచ్చి దీని మీద పెడితే చిల్లులు సరిపోవు. ఎస్‌టీ19 కోసమే చేసిన డయల్, ముళ్ళు తీసుకోండి, మెషీన్ మీ చేతికొచ్చి కొలిచాకే కేసు సంగతి చూడండి.

కేసు అన్నాను కాబట్టి అడుగుతున్నాను. లేత్ మీద పనిచేసే మీరు కేసు ఎందుకు కొనాలి? ఈ ప్రశ్న అడిగే చాలామందికి లేని చెయ్యి మీకుంది. ముందు ఇత్తడితో మెషీన్ చుట్టూ కూర్చునే రింగు తిప్పండి. మెషీన్ కేసులో కదలకుండా పట్టుకునేది అదే. అది వేళ్ళతో నొక్కితే బిగుతుగా కూర్చోవాలి, ఊగకూడదు. తర్వాత 316ఎల్ స్టీలు కడ్డీ నుంచి బెజెల్, అంటే గ్లాసు చుట్టూ ఉండే రింగు తియ్యండి. దాని మీద వేగం చూపించే స్కేలు మీరే లెక్కకట్టి చెక్కించండి. 3600ని ఒక కిలోమీటరుకి పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. అంటే 15 సెకన్ల దగ్గర 240, 30 దగ్గర 120, 45 దగ్గర 80, 60 దగ్గర 60. అయ్యాక స్నేహితుణ్ణి బండి నడపమని, మీరు వెనక కూర్చుని అనకాపల్లి వైపు హైవేలో ఒక కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కి తర్వాతి రాయి దగ్గర ఆపండి. 45 సెకన్లు పడితే ముల్లు 80 చూపించాలి. మీరు చెక్కిన అంకె దగ్గర ముల్లు వచ్చి ఆగినప్పుడు కలిగే ఆనందం ఏ కిరీటం గుర్తూ ఇవ్వదు. చివరికి పట్టా పెట్టే కొమ్ములతో సహా మధ్య కేసు. అది కష్టం, రెండు మూడు ముక్కలు పాడవుతాయి, పాడవనివ్వండి.

మెషీన్ విప్పడం మీ నాన్నగారి పైలట్ మీద నేర్చుకోకండి. దాన్ని ముట్టుకోకండి. ఆగిపోయిన హెచ్‌ఎంటీ జనతా ఒకటి పాత వాచీల షాపులో తీసుకుని, విప్పి, కడిగి, మళ్ళీ బిగించండి. ఆడిందాకా మళ్ళీ మళ్ళీ చెయ్యండి. వేళ్ళకి రబ్బరు తొడుగులు తప్పనిసరి. మే నెలలో మన చేతి చెమట ఒక్క ముద్ర పడితే చాలు, కొన్నాళ్ళకి ఉక్కు భాగం మీద ఆ వేలిముద్రే తుప్పుగా పైకి వస్తుంది. నూనె విషయంలో చెయ్యి చిన్నది చేసుకోండి. ఇరుసులు తిరిగే రత్నాల్లో ఒక చుక్క, అంతే. చక్రాల పళ్ళకి అసలు వెయ్యకూడదు. క్రోనోగ్రాఫ్‌లో ఆ తప్పు చేస్తే నూనె దుమ్ము పట్టి పెద్ద ముల్లు తడబడుతుంది.

ఎస్‌టీ19 మొదటిసారి తెరిచినప్పుడు పైన రకరకాల స్క్రూలు కనబడతాయి. వాటిలో కొన్ని స్క్రూలు కావు. తలకి గాడి ఉంటుంది, చూడటానికి స్క్రూలానే ఉంటాయి, కానీ తిప్పితే ఊడిరావు, పక్కకి జరుగుతాయి. మధ్యకి తప్పి చేసిన మేకులు అవి. నడిచే చక్రం పళ్ళు క్రోనోగ్రాఫ్ చక్రం పళ్ళలోకి ఎంత లోతుగా దిగాలో అవే నిర్ణయిస్తాయి. ఎక్కువ దిగితే బటన్ నొక్కగానే బ్యాలెన్స్ ఊపు పడిపోతుంది, తక్కువైతే సెకన్ల ముల్లు జారి గెంతుతుంది. కొత్తవాళ్ళు వాటిని స్క్రూ అనుకుని ఒక తిప్పు తిప్పేస్తారు, తర్వాత ఎక్కడ చెడిందో తెలియక తల పట్టుకుంటారు. విప్పే ముందే పైనుంచి ఫోటో తీసి, ఆ గాడులు ఏ దిక్కుకి ఉన్నాయో రాసిపెట్టుకోండి. స్టార్ట్ నొక్కినప్పుడు ముల్లు ఒక్క క్షణం ఉలిక్కిపడినట్టు కదిలితే కంగారుపడకండి. పంటి మొన మీద పంటి మొన పడితే ఈ రకం మెషీన్లలో అలా జరగడం మామూలే.

ఒక్క విషయంలో మాత్రం సరదా వద్దు. పాతదనం కోసం పాత ముళ్ళు, పాత డయళ్ళు తెచ్చి, చీకట్లో మెరిసే ఆ పసుపు పూత గీకడం, అరగదీయడం చేయకండి. 1960ల దాకా వచ్చినవాటిలో అది చాలావరకు రేడియం, హాని చేసే కిరణాలు వెదజల్లే లోహం. మెరుపు చచ్చిపోయినా రేడియం చావదు, సగం అవడానికే దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో డయళ్ళకి ఆ రంగు పూసిన అమ్మాయిల్లో చాలామందికి దానివల్లే దవడ ఎముకలు కుళ్ళాయి, కొందరు చనిపోయారు. వన్‌టౌన్ వాచీ ముళ్ళలో అలాంటి పూత ఉంటే అలాగే ఉంచండి, ఆ ముళ్ళ పని అనుభవం ఉన్నవాళ్ళకే వదిలెయ్యండి. మీరు చేసేదానికి ఇప్పుడు దొరికే సూపర్ లుమినోవా అనే రేడియం లేని మెరుపు పూత వాడండి. పాతగా కనిపించాలని టీ డికాషన్ రంగు పులమడం కూడా నాకు నచ్చదు. మీ వాచీ మీ చేతి మీదే పాతపడనివ్వండి, మన ఎండకి అట్టే కాలం పట్టదు.

బటన్లు స్క్రూతో బిగిసే రకం కాకపోతే నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. ఆర్కే బీచ్‌లో కెరటాల్లోకి దిగేటప్పుడు ఇంట్లో వదిలి వెళ్ళండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టి, తేమ పీల్చుకుని దాని రంగు మారినప్పుడల్లా మార్చండి.

డయల్ మీద ఏం రాయాలంటే, ఖాళీగా వదిలినా బాగుంటుంది. నన్నడిగితే మీ పేరు వేయండి, లేదా మీ నాన్నగారి పేరు, కింద 6 దగ్గర సన్నని అక్షరాల్లో విశాఖపట్నం. తెలుగులోనే. చిన్న సంఖ్యలో డయళ్ళు అచ్చువేసి ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, మీరు గీసి పంపితే చాలు. వెనక మూత లోపలి వైపు మెషీన్ పేరు, తయారుచేసిన సంవత్సరం చెక్కించండి. రేపు దాన్ని తెరిచే మెకానిక్‌కి అది చాలా ఉపయోగం.

ఈ వారంలో వన్‌టౌన్ వెళ్ళగలిగితే వెళ్ళండి. బ్యాలెన్స్ కింద ఏ నంబరు ఉందో, డయల్ అంచులు ఎలా ఉన్నాయో ఫోటోలతో సహా రాయండి. లాండెరాన్‌లో 48 ఒక్కటే లేదు, 51, 148 లాంటి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. ఏది అన్నది తేలితే దానికి ఏ స్ప్రింగు, ఏ గ్లాసు సరిపోతుందో చెబుతాను.